తెర మీద ‘శ్రీనివాసులు’, లైబ్రరీ తీసిస్తే ‘శీ్రనివాసులు’: పీడీఎఫ్ చిక్కులు మూడు

మారతహళ్లి_మధు
భూముల పత్రాలు చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి మా ఆఫీసులో తయారవుతోంది. చిత్తూరు, అనంతపురం వైపు పొలాలు కొనే బెంగళూరు వాళ్లు మా ఖాతాదారులు. వచ్చే ఫైళ్లన్నీ పీడీఎఫ్‌లే. తెలుగువి ఎక్కువ, కన్నడంవి కొన్ని. జావాలో పీడీఎఫ్‌బాక్స్ 3 అనే లైబ్రరీ (పీడీఎఫ్‌లు చదివే, రాసే రెడీమేడ్ కోడ్) వాడుతున్నాను. మూడు చోట్ల ఇరుక్కుపోయాను.

ఒకటి. తెర మీద ‘శ్రీనివాసులు’ అని చక్కగా కనబడుతుంది. అదే పేజీ నుంచి టెక్స్ట్ బయటికి తీస్తే ‘శీ్రనివాసులు’ అని వస్తుంది. ‘త్రినాథ్’ కాస్తా ‘తి్రనాథ్’ అవుతుంది. మా పత్రాల్లో ఎటు చూసినా శ్రీతో మొదలయ్యే పేర్లే కాబట్టి, పేరు పెట్టి వెతికితే ఎవరూ దొరకడం లేదు.

రెండు. ప్రతి పేజీ అడుగున ‘పరిశీలించినది’ అని ముద్ర వేయాలి. చాలా ఫైళ్లలో సరిగ్గానే పడుతుంది. కొన్నింటిలో మాత్రం పేజీ పైభాగాన, నీళ్లలో నీడలా తలకిందులుగా పడుతుంది.

మూడు. పేజీని బొమ్మగా మార్చి వెబ్‌సైట్లో చూపించాలి. నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది. సర్వర్‌లో కొన్ని ఫైళ్లకు అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వస్తున్నాయి.

లైబ్రరీ మార్చేయమంటారా? మా మేనేజరు ‘పీడీఎఫ్ చదవడమే కదా, శుక్రవారానికి ఇచ్చేయండి’ అంటున్నారు.

సిల్క్‌బోర్డు_తపస్వి
ఏ శుక్రవారమో అడిగారా?

బీటీఎం_బ్రహ్మచారి
మొదటిదానికి సెట్‌సార్ట్‌బైపొజిషన్‌ను ట్రూ చేసి చూడండి. అక్షరాలు పేజీ మీద ఎక్కడున్నాయో ఆ వరుసలో వస్తాయి.

ఓసీఆర్_భక్తుడు
అసలు పీడీఎఫ్ లోపలికే వెళ్లకండి. పేజీని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) బొమ్మ చేసి టెసరాక్ట్ అనే ఓసీఆర్‌కు, అంటే బొమ్మలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వండి. తెలుగుకూ మోడల్ ఉంది, కన్నడానికీ ఉంది. కంటికి కనబడేదే చదువుతుంది కాబట్టి ఒత్తు ముందా గుడి ముందా అన్న గొడవే ఉండదు. మేము అలాగే నడిపిస్తున్నాం.

శారద_హెబ్బాళ
పేర్లూ సర్వే నంబర్లూ ఉన్న పత్రాలకు ఓసీఆర్‌ను మొదటి దారిగా పెట్టుకోవద్దు. 3 కాస్తా 8 అయితే పక్కవాడి పొలం మన పేరున చదువుకుంటాం. ఫైల్‌లో అక్షరాల సమాచారం ఉండగా దాన్ని బొమ్మ చేసి, మళ్లీ అందులోంచి అక్షరాలు ఊహించడం ఎందుకు?

బ్రహ్మచారి గారు చెప్పిన సార్టింగ్ కూడా దీనికి మందు కాదు. రెండు కాలమ్‌ల పేజీ వస్తే ఎడమ వరుసా కుడి వరుసా కలిపేసి ఒకే వాక్యంగా ఇస్తుంది.

మధు గారూ, మీ మూడు చిక్కులకూ మూడు వేర్వేరు కారణాలు ఉన్నాయి. లైబ్రరీ మార్చినంత మాత్రాన మొదటిదీ మూడోదీ పోవు. ముందు పేజీ లోపల ఏముందో చూడండి. క్యూపీడీఎఫ్ అనే పనిముట్టులో క్యూడీఎఫ్ అనే పద్ధతి ఉంది. కుదించిన స్ట్రీములన్నీ (ఫైల్ లోపలి సమాచారపు ముక్కలు) విప్పి, మామూలు ఎడిటర్‌లో చదవగలిగేలా రాసిపెడుతుంది. ఆ పేరు దగ్గర ఏం కనబడుతుందో ఇక్కడ రాయండి.

మారతహళ్లి_మధు
విప్పి చూశాను. బీటీతో మొదలై ఈటీతో ముగిసే ముక్కలు వందల కొద్దీ ఉన్నాయి. ఆ ముక్కలో ఫాంటు పేరు ఎఫ్2, సైజు 11, తర్వాత టీఎఫ్. దాని కింద కోణపు బ్రాకెట్లలో 0147 0392 0218 అంటూ నాలుగేసి అంకెలు, చివర టీజే. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు! పైగా అంకెలు ముందు వచ్చి, చేయాల్సిన పని పేరు చివర రావడం వింతగా ఉంది.

పాత_డీటీపీ
తెలుగులో క్రియ వాక్యం చివరే కదా వచ్చేది. వింత ఏముంది మధు గారూ.

శారద_హెబ్బాళ
:) పీడీఎఫ్‌కు మూలమైన పోస్ట్‌స్క్రిప్ట్ భాష వారసత్వం అది. ఆ పని పేర్లనే ఆపరేటర్లు అంటారు.

ఆ అంకెలు యూనికోడ్ కావు. ఫాంటు వివరాల్లో ఐడెంటిటీ-హెచ్ అని ఉండాలి, చూడండి. ఉంటే, మీలాంటి ఫైళ్లలో అవి దాదాపు ఎప్పుడూ ఫాంటులోని గ్లిఫ్ (గీసే అక్షర రూపం) సంఖ్యలే. ఏ గ్లిఫ్ ఏ యూనికోడ్ అక్షరమో చెప్పే టూయూనికోడ్ అనే పట్టిక అదే ఫాంటుకు అతికించి ఉంటుంది. అందులో 0147కు ‘శ, గుడి దీర్ఘం’ అని రెండు అక్షరాలు, 0392కు ‘పొల్లు, ర’ అని రెండు అక్షరాలు ఉంటాయని నా ఊహ. ‘శీ’ మొత్తం ఒకే గ్లిఫ్, దాని కింది ఒత్తు ఇంకో గ్లిఫ్. గీసేటప్పుడు ‘శీ’ ముందు, ఒత్తు తర్వాత. లైబ్రరీ గీసిన వరుసలోనే చదివి శ, గుడి దీర్ఘం, పొల్లు, ర అని ఇచ్చింది. మనం టైపు చేసే వరుసేమో శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. పీడీఎఫ్‌బాక్స్ చేసిన తప్పేమీ లేదు, ఫైల్‌లో ఉన్నదే చెప్పింది.

మారతహళ్లి_మధు
పట్టిక తెరిచాను. అచ్చం మీరన్నట్టే ఉంది.

పాత_డీటీపీ
విజయవాడలో చాలా ఏళ్లు పేజీలు పెట్టాను, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. పీడీఎఫ్ 1993లో వచ్చింది. మా చేతికి అందేసరికి మరి కొన్నేళ్లు పట్టింది. మాకు దాని నుంచి కావలసింది ఒక్కటే: ఇక్కడ పెట్టిన పేజీ అక్కడ ప్రెస్సులో అక్షరం కదలకుండా పడాలి. దాన్ని ఎవరో వెనక్కి విప్పి చదువుతారని ఎవరికీ తోచలేదు.

మీకు యూనికోడ్ ఫాంట్ల ఫైళ్లు వస్తున్నాయి, అదృష్టవంతులు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవి తెరిచి చూడండి. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. తలకట్టు ఒక మీట, క్రావడి ఒక మీట. టెక్స్ట్ తీస్తే ఇంగ్లిషు అక్షరాలూ విరామ చిహ్నాలూ కలిసిన కిచిడీ వస్తుంది.

బీటీఎం_బ్రహ్మచారి
డీటీపీ గారు చెప్పిన రకం నాకు బోలెడు వచ్చాయి. ఫాంటు ఫాంటుకూ మార్పిడి పట్టిక రాసుకోవాల్సిందే. ఒక చిన్న మెలిక ఉంది. ఫాంటులో వాడిన అక్షరాలను మాత్రమే ఫైల్‌లో పొదిగినప్పుడు (లోపలే కలిపి పెట్టినప్పుడు) దాని పేరు ముందు ఆరు పెద్దక్షరాలూ ఒక ప్లస్ గుర్తూ తగిలిస్తారు. అవి కత్తిరించకుండా పేరు పోల్చితే ఏ పట్టికా దొరకదు.

ఓసీఆర్_భక్తుడు
అందుకే కదా నేను మొదట్లోనే చెప్పింది.

శారద_హెబ్బాళ
పాత ఫాంట్ల ఫైళ్లకు మీ మాట ఒప్పుకుంటాను. స్కాన్ చేసిన వాటికి అది తప్ప గతి లేదు. మధు గారి ఫైల్ ఆ రెండూ కాదు.

కోలారు_కోడలు
మధు, తెలుగుకు దారి తేలిక. సరైన యూనికోడ్ తెలుగులో గుణింతపు గుర్తు వెంటనే పొల్లు రానే రాదు. కాబట్టి గుణింతం, పొల్లు, హల్లు అన్న వరుస ఎక్కడ కనబడినా అది గీసిన వరుసే. ఆ గుణింతాన్ని ఎత్తి పొల్లు-హల్లు జంట తర్వాత పెట్టండి. ‘స్త్రీ’ లాంటి చోట రెండు ఒత్తులు ఉంటాయి, అన్ని జంటలనూ దాటించాలి. ఒక్క రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల వరుసను వెతికి మార్చే సూత్రం) అయిపోతుంది.

ఆ తర్వాత ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (విడి ముక్కలను ఒకే యూనికోడ్ అక్షరంగా కలపడం) కూడా చేయండి. ఐత్వాన్ని కొన్ని ఫాంట్లు రెండు ముక్కలుగా గీస్తాయి, పైన ఎత్వం ఒకటి, కింద గుర్తు ఒకటి. బయటికి తీసినప్పుడు కూడా రెండుగానే వస్తాయి. చూడటానికి తేడా తెలియదు, వెతికితే మాత్రం దొరకదు.

మారతహళ్లి_మధు
అక్కా, శ్రీనివాసులందరూ దొరికారు. త్రినాథ్ కూడా.

కొత్తది ఒకటి బయటపడింది. ‘సబ్‌రిజిస్ట్రార్’ అన్నది ‘సబ్రిజిస్ట్రార్’ అయిపోతోంది. పేజీలో మాత్రం బకు పొల్లు పెట్టి, రి విడిగా ఉంది.

సిల్క్‌బోర్డు_తపస్వి
సబ్రిజిస్ట్రార్! ఏ పురాణంలో రాక్షసుడండీ ఈయన?

శారద_హెబ్బాళ
టైపు చేసినవాళ్లు అక్కడ జడ్‌డబ్ల్యూఎన్‌జే పెట్టి ఉంటారు, పొల్లును ఒత్తుగా మారకుండా ఆపే కనబడని అక్షరం. దానికి ఆకారం లేదు కాబట్టి మామూలుగా పేజీలోకి రాదు. టెక్స్ట్ తీశాక పోగొట్టుకున్నదాన్ని వెతకలేరు, గ్లిఫ్ దశలోనే పట్టుకోవాలి.

ఇలా చూడండి. ఒత్తు గ్లిఫ్‌కు పట్టికలో పొల్లు మొదట ఉంటుంది: ‘పొల్లు, ర’. పొల్లు పైకి కనబడే గ్లిఫ్‌కు చివర ఉంటుంది: ‘బ, పొల్లు’. పీడీఎఫ్‌బాక్స్‌లో టెక్స్ట్ తీసే పీడీఎఫ్‌టెక్స్ట్‌స్ట్రిప్పర్ నుంచి మీ సొంత క్లాసు చేసుకుని ప్రాసెస్‌టెక్స్ట్‌పొజిషన్‌ను తిరగరాయండి. ఒక గ్లిఫ్ పొల్లుతో ముగిసి, తర్వాతది హల్లుతో మొదలైతే మధ్యలో జడ్‌డబ్ల్యూఎన్‌జే చేర్చండి. కోలారు వారి సవరణ ఆ తర్వాత నడపండి.

మారతహళ్లి_మధు
సబ్‌రిజిస్ట్రార్ మళ్లీ మనిషి అయ్యాడు. బయట వాన దంచుతోంది, ఔటర్ రింగ్ రోడ్డు ఎలాగూ కదలదు. ఆఫీసులోనే ఉన్నాను, ముద్ర సంగతి కూడా చెప్పండి.

శారద_హెబ్బాళ
ముద్ర తిరగబడే ఫైళ్లలో కంటెంట్ మొదట్లో 1 0 0 -1 0 842 సీఎం లాంటి వరుస ఉందా?

మారతహళ్లి_మధు
ఉంది. సీఎం అంటే ఏమిటి?

సిల్క్‌బోర్డు_తపస్వి
విధానసౌధలో ఉంటారు.

శారద_హెబ్బాళ
తపస్వి గారూ, వాన తగ్గినట్టుంది, బయలుదేరండి.

సీఎం ఆపరేటర్ పేజీ కొలతల మ్యాట్రిక్స్‌ను మారుస్తుంది. పీడీఎఫ్‌లో మూలబిందువు ఎడమ వైపు కింది మూల, అంగుళానికి 72 పాయింట్లు, ఏ4 ఎత్తు సుమారు 842. కొన్ని సాఫ్ట్‌వేర్లు పైనుంచి కిందికి లెక్కించుకోవడానికి ఈ వరుసతో పేజీని తిరగేసుకుంటాయి. చిన్న క్యూతో పాత స్థితిని దాచుకుని, పని అయ్యాక పెద్ద క్యూతో తిరిగి తెచ్చుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. తేకుండా వదిలేసిన ఫైళ్లలో, చివర చేర్చిన మీ ముద్ర కూడా ఆ తిరగేసిన కొలతల్లోనే పడుతుంది. పాత కంటెంట్ మొత్తాన్ని చిన్న క్యూ, పెద్ద క్యూల మధ్య చుట్టేయాలి.

బీటీఎం_బ్రహ్మచారి
చేత్తో చుట్టక్కర్లేదు. పీడీపేజ్‌కంటెంట్‌స్ట్రీమ్ కన్‌స్ట్రక్టర్‌లో చివరి ఆర్గ్యుమెంటు రీసెట్‌కాంటెక్స్ట్. ట్రూ ఇస్తే అదే చుట్టుకుంటుంది.

సిల్క్‌బోర్డు_తపస్వి
సీఎం దిగిపోయినా ఆయన ఇచ్చిన ఆర్డర్లు అమల్లోనే ఉంటాయన్నమాట. ఇప్పుడు అర్థమైంది.

మారతహళ్లి_మధు
ట్రూ చేశాను, ముద్రలు కిందికి దిగాయి. రెండు మూడు ఫైళ్లలో మాత్రం పక్కకు, నిలువుగా పడుతోంది.

బీటీఎం_బ్రహ్మచారి
పేజీని తిప్పి చూపించే రొటేట్ 90 ఉండి ఉంటుంది. పేజీలో కనబడకపోతే పై పేజీల చెట్టులో చూడండి, రొటేట్, మీడియాబాక్స్ (పేజీ హద్దులు), రిసోర్సెస్ (ఫాంట్లు, బొమ్మల జాబితా) మూడూ పైనుంచి వారసత్వంగా రావచ్చు. పేజీని అడిగితే పీడీఎఫ్‌బాక్స్ ఆ చెట్టు ఎక్కి వెతికి చెబుతుంది. మీడియాబాక్స్ సున్నా, సున్నా దగ్గరే మొదలవ్వాలన్న నియమం కూడా లేదు, దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

కంటైనర్_కాపలా
డబ్బాల సంగతి నాకు వదిలేయండి. సర్వర్ ఇమేజ్‌ను (బొమ్మ కాదు, సర్వర్‌లో కంటైనర్‌గా నడిపే సాఫ్ట్‌వేర్ మూట) చిన్నదిగా ఉంచాలని అందరూ ఫాంట్లు తీసేస్తారు. నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ కన్నడ వేయండి. పది నిమిషాల పని.

శారద_హెబ్బాళ
ఆగండి. వేస్తే డబ్బాలు పోవచ్చు, వాటి చోట తప్పు అక్షరాలు రావచ్చు. భూమి పత్రంలో డబ్బా కంటే తప్పు అక్షరం ప్రమాదం, ఎందుకంటే డబ్బాను చూసి ఎవరైనా ఆగుతారు.

ఆ ఫైళ్లలో ఫాంటు పొదగలేదు, పేరు మాత్రమే ఉంది. పేజీలో ఉన్నవి ఆ ఒక్క ఫాంటు గ్లిఫ్ సంఖ్యలు. ఇంకో ఫాంటులో 0147 అంటే ఏ అక్షరమైనా కావచ్చు. సంఖ్య వదిలేసి టూయూనికోడ్ ద్వారా వెతికే లైబ్రరీకి కూడా, ఒక గ్లిఫ్‌కు రెండు మూడు యూనికోడ్ అక్షరాలున్న చోట సరైన జోడీ దొరకదు. గుణింతాలు ఎగిరిపోతాయి.

కంటైనర్_కాపలా
మా ఇన్‌వాయిస్‌లకు పనిచేసింది మరి.

శారద_హెబ్బాళ
ఏ భాషలో?

కంటైనర్_కాపలా
ఇంగ్లిషు. ఏరియల్.

శారద_హెబ్బాళ
అదీ సంగతి. ఏరియల్ బదులు దాని కొలతలే ఉన్న మరో ఫాంటు వేస్తే ఇంగ్లిషులో గడిచిపోతుంది. అక్కడ పేజీలో ఉండేవి సాధారణంగా అక్షరాల కోడ్‌లే, గ్లిఫ్ సంఖ్యలు కావు.

మారతహళ్లి_మధు
ఆ ఫైళ్లలో ‘గౌతమి’ అని ఉంది, పొదగలేదు. నాది విండోస్ ల్యాప్‌టాప్, అందులో ఆ ఫాంటు ఉంది. అందుకే నాకు కనబడింది.

పాత_డీటీపీ
ప్రెస్సుకు పంపే ముందు ఫాంట్లు పొదిగామా లేదా అని చూసుకోవడం మా దగ్గర కుర్రవాళ్లకు మొదటి రోజు నేర్పే పని. చూడకపోతే ఫిల్ము చెత్తబుట్టలోకి, ఖర్చు జీతంలోంచి. ఆ దండన ఇప్పుడు ఎవరికీ లేదు కాబట్టి ఇలాంటి ఫైళ్లు వస్తున్నాయి.

శారద_హెబ్బాళ
నిజం. దీర్ఘకాలం దాచే పత్రాల కోసం 2005లోనే పీడీఎఫ్/ఏ ప్రమాణం వచ్చింది. అందులో ఫాంట్లు పొదగడం తప్పనిసరి. పత్రం ఇచ్చేవాళ్లను ఆ రకంలో ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే, ఫాంటు పొదగని ఫైల్‌ను బొమ్మ చేయకుండా పక్కన పెట్టి మనిషి చూసేలా చేయండి. సర్వర్‌లో అదే గౌతమి వేయాలంటే దాని లైసెన్సు ఏమంటుందో ముందు చదవాలి.

కంటైనర్_కాపలా
ఇంకో మాట. 300 డీపీఐలో ఏ4 పేజీ అంటే 2480 × 3508 పిక్సెళ్లు. పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున దాదాపు 35 మెగాబైట్లు, ఒక్క పేజీకి. ఒకేసారి నలభై పేజీలు గీయమని అడిగితే కంటైనర్ మెమరీ చాలక పడిపోతుంది. తెర మీద చూపించడానికి 110, 120 డీపీఐ చాలు.

కొత్త_ఇంజనీరు
ఇదంతా చదివాక సొంతంగా ఒక పార్సర్ (ఫైల్‌ను విడదీసి చదివే ప్రోగ్రామ్) రాయాలని ఉంది. ఆపరేటర్లు డెబ్బై పైచిలుకే కదా ఉన్నాయి?

శారద_హెబ్బాళ
రాయండి తమ్ముడూ, నేర్చుకోవడానికి మంచిదే. ఆఫీసు పనికి మాత్రం వద్దు.

పేజీ కంటెంట్ ఒకే స్ట్రీమ్ అనుకోకండి, స్ట్రీముల వరుస కావచ్చు. కలిపేటప్పుడు మధ్యలో ఖాళీ పెట్టకపోతే ఒకదాని చివరి ఆపరేటరూ తర్వాతదాని మొదటి అంకే అతుక్కుపోతాయి. చిన్న క్యూ ఒక స్ట్రీములో, దాని పెద్ద క్యూ మూడో స్ట్రీములో ఉండొచ్చు, కాబట్టి దేనికదిగా నడిపినా కుదరదు. ఫారం ఎక్స్‌ఆబ్జెక్ట్ (పేజీలోంచి పిలిచే విడి కంటెంట్ ముక్క) తనను తానే పిలుచుకునే ఫైల్ ఒకటి ఏదో రోజు మీకు వస్తుంది, లోతుకు హద్దు పెట్టుకోండి.

అన్నింటికంటే నన్ను ఏడిపించింది పేజీలోనే ఇమిడ్చిన బొమ్మలు. బీఐ అన్న గుర్తుతో మొదలవుతాయి, ఐడీ అన్న గుర్తు తర్వాత బొమ్మ బైట్లు వస్తాయి, ఈఐ అన్న గుర్తుతో ముగుస్తాయి. బొమ్మ బైట్ల మధ్యలో అనుకోకుండా ఈఐ అనే రెండు బైట్లు పడితే పార్సర్ అక్కడే ఆగి, మిగతా బొమ్మను ఆపరేటర్లుగా చదవడం మొదలుపెడుతుంది. 2017లో వచ్చిన పీడీఎఫ్ 2.0లో బొమ్మ పొడవు చెప్పే కీ చేర్చారు. పాత ఫైళ్లకు అది లేదు కదా, ఊహించుకోవాల్సిందే.

బీటీఎం_బ్రహ్మచారి
ప్రమాణ పత్రం కొనాల్సిన పని లేదు. పీడీఎఫ్ 2.0 ప్రమాణాన్ని 2023 నుంచి పీడీఎఫ్ అసోసియేషన్ ద్వారా ఉచితంగా ఇస్తున్నారు. వెయ్యి పేజీల దాకా ఉంటుంది, ఔటర్ రింగ్ రోడ్డు మీద చదువుకోవచ్చు.

ఓసీఆర్_భక్తుడు
మ్యూపీడీఎఫ్ అనే లైబ్రరీ వేగంగా గీస్తుంది, దానికి మారకూడదా?

బీటీఎం_బ్రహ్మచారి
అది ఏజీపీఎల్ (మన కోడ్ కూడా తెరవమనే లైసెన్సు), లేదా డబ్బు కట్టి వాణిజ్య లైసెన్సు. పీడీఎఫ్‌బాక్స్ అపాచీ 2.0, ఆ షరతు లేదు. మేనేజరును అడిగి మారండి.

మారతహళ్లి_మధు
మారడం లేదు. తెలుగు ఫైళ్లు దాదాపు కుదిరాయి. కోలారు అక్కా, అదే సవరణ కన్నడానికి కూడా పెట్టాను. తప్పు వరుస ఎక్కడా లేదని చెబుతోంది, అయినా ‘కర్నాటక’ అని వెతికితే దొరకడం లేదు.

కోలారు_కోడలు
అది అర్కావత్తు. కన్నడంలో ‘ర్నా’ రాసేటప్పుడు నా ముందు వేసి, ర గుర్తును దాని కుడి పక్కన వేస్తారు. గీసిన వరుసలో చదివితే క, నా, ర్, టక. అంటే ‘కనార్టక’. పరీక్షకు దొరకకపోవడానికి కారణం ఉంది: తెలుగులో గుణింతం తర్వాత పొల్లు వస్తే అది అసాధ్యమని వెంటనే తెలుస్తుంది. ‘కనార్టక’లో అక్షరాల వరుసకు ఏ దోషమూ లేదు, అలాంటి మాట లేదంతే.

గ్లిఫ్ దశలో అయితే పట్టుకోవచ్చు. ‘ర, పొల్లు’ అని పట్టికలో ఉన్న గ్లిఫ్‌లు ఒక ఫాంటులో రెండు ఉంటాయి: పొల్లు పెట్టిన మామూలు ర ఒకటి, అర్కావత్తు ఒకటి. రెండో దాని సంఖ్య ఏదో ఫాంటుకు ఒకసారి కంటితో చూసి రాసుకోవాలి. అది కనబడినప్పుడల్లా ముందున్న అక్షరం మొత్తానికి ఎడమ పక్కకు జరపాలి.

మారతహళ్లి_మధు
ప్రతి ఫాంటుకూనా?

శారద_హెబ్బాళ
ముందు ఆ ఫైళ్లలో యాక్చువల్‌టెక్స్ట్ ఉందేమో చూడండి. బీడీసీ, ఈఎంసీ అన్న గుర్తుల మధ్య గ్లిఫ్‌లు ఉండి, బీడీసీ పక్కన అసలు అక్షరాలు టైపు చేసిన వరుసలో రాసి ఉంటాయి. ఫైల్ తయారు చేసిన సాఫ్ట్‌వేర్ పెడితేనే ఉంటుంది. పాప్లర్ అనే మరో పీడీఎఫ్ లైబ్రరీకి దాన్ని చదవడం వచ్చు, కాబట్టి దాని పీడీఎఫ్‌టూటెక్స్ట్ ఒకసారి నడిపితే తేలిపోతుంది.

మారతహళ్లి_మధు
నడిపాను. కొత్త ఫైళ్లలో ‘కర్నాటక’ సరిగ్గా వచ్చింది. పాతవాటిలో ‘కనార్టక’ అలాగే ఉంది.

కోలారు_కోడలు
పాతవాటిలో ఎన్ని ఫాంట్లు?

మారతహళ్లి_మధు
రెండే.

కోలారు_కోడలు
రెండు ఫాంట్లలోనూ ఆ గ్లిఫ్ ఉన్న పేజీ ఒక్కొక్కటి పంపండి. సర్వే నంబర్లూ పేర్లూ కొట్టేసి పంపండి. ఈ రాత్రికి సంఖ్యలు రాసిపెడతాను.